బెల్లం అప్పన్న అసలు పేరు

విశాఖపట్నం,
9 జూన్ 2025.

అప్పకి,

నమస్కారం. నీ చెవుల సంగతి మనవరాలు వాసవి చెప్పింది. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే వినబడుతోందట గానీ ఫోనులో మాట ముక్కలైపోతోందట. ఒకందుకు మంచిదే అయింది. దాని ఫోనులో బాగున్నావా అంటే బాగున్నానని అరుచుకోవడం కంటే ఉత్తరమే నయం. నాకు రాయడం తప్ప వేరే పని రాదు. నీకేమో ముప్పై ఏళ్లు మొదటి తరగతి పలకలు దిద్దిన అలవాటు. కవరు మీద మీ ఊరికి పెట్టిన కొత్త పేరే రాశాను. చేరితే చెప్పు.

అప్పా, నీ తమ్ముడు డెబ్బై రెండేళ్లకి పేరున్న మనిషి అయ్యాడు. నవ్వకు. నా నవల ‘ఏడో నంబరు గోదాము’ అచ్చయిన రోజుల్లో యూనియన్ ఆఫీసుల్లో పదిమంది చదివితే గొప్ప. మీ దీవిలో మన హాడో రేవు కూలీల సమ్మె గురించి నాలుగు వందల పేజీలు ఎవడికి కావాలన్నారు. ఇప్పుడు అదే నవల ఎనిమిది భాగాల సీరీస్ అయి ఫోనుల్లో వస్తోంది. డైరెక్టరు మధుబాబు అని ముప్పై రెండేళ్ల కుర్రాడు. పాదాలకి దండం పెట్టి మరీ హక్కులు తీసుకున్నాడు.

అందరికంటే పేరొచ్చింది హీరోకి కాదు. బెల్లం అప్పన్నకి! తోటి కూలీలు పదకొండు మందిని కంట్రాక్టరుకి పట్టించి, బెల్లం బస్తా భుజాన వేసుకుని ఇంటికి పోయే మేస్త్రీకి. పట్టుబడ్డాక వాడు అంటాడు చూడు, “నానేటీ సెప్పలేదు బాబూ, ఆలే అడిగినారు!” అని. ఆ మాట ఆటోల వెనక రాసుకుంటున్నారు. పెళ్లిళ్లలో డీజే వాళ్లు వేస్తున్నారు. మొన్న ఒక సభలో ఒకాయన, పార్టీ మారిన ఇంకొకాయన్ని బెల్లం అప్పన్న అన్నాడు. అంతే, జనమంతా ఒక్క గొంతుతో ఆ డైలాగు అందుకున్నారు. నా కలంలోంచి వచ్చిన పేరు తిట్టుపదమైపోయింది. రచయితకి ఇంకేం కావాలి?

పోయిన వారం ఒక యూట్యూబ్ చానల్ అమ్మాయి అడిగింది, అప్పన్న నిజంగా ఉన్నాడా సర్ అని. ఉన్నాడన్నాను. పేరు చెప్పలేదులే. అప్పట్లో రేవులో మేస్త్రీ, ఇప్పటికీ సిప్పీఘాట్ పల్లెలో ఉన్నాడని విన్నాను, అన్నాను. ఆ ఒక్క ముక్కనే లక్షల మంది చూశారు.

ఆగస్టు 24న మీ ఊరి తెలుగు సంఘం వాళ్లు నాకు సన్మానం చేస్తారట. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.

నీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
గణేశ్వరరావు


డైరీ ఫార్మ్,
20 జూన్ 2025.

చిరంజీవి గణేశ్వరరావుకి,

ఉత్తరం చేరింది. ఊరి కొత్త పేరు రాసినందుకు మా డైరీ ఫార్మ్ పేట పోస్టుమాన్ మెచ్చుకున్నాడు. “సన్మానం” అన్న మాట తప్ప మిగతావి నీ దస్తూరీలో చదవడం కష్టమైంది. ఆ ఒక్కటీ గుండ్రంగా రాశావు.

సీరీస్ చూశాను. వాసవి హిందీలో పెట్టి, కింద అక్షరాలు వచ్చేలా చేసింది. ఇక్కడి పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవరు. నీ నవల మా బీరువాలో ఉందని దానికి ఇన్నాళ్లూ తెలియదు. ఆడవాళ్లు గంజి కుండలు తీసుకొచ్చి గోదాము ముందు కూర్చునే అధ్యాయం కోసం చూశాను. లేదు. యూనియన్ అన్న మాట రెండుసార్లు వినబడింది. హీరో క్రేను మీంచి సముద్రంలోకి దూకడం మాత్రం మూడుసార్లు చూపించారు. హాడోలో అలా దూకితే బురదలో కూరుకుపోతాడు.

అది నీ బాధ. నేను రాయదలచుకున్నది వేరు.

నువ్వు పేరు చెప్పలేదన్నావు. సిప్పీఘాట్‌లో రేవు మేస్త్రీగా చేసిన ముసలివాళ్లు ఎంతమంది ఉంటారనుకున్నావు? ఒక్కడే. జోగులు. ఎనభై మూడేళ్లు. సునామీకి పొలం ఉప్పునీళ్లలో మునిగిపోయింది. మిగిలిన గట్టు మీద చిన్న ఇల్లు. నువ్వు ఆ మాట అన్న వారానికే మోటారు సైకిళ్ల మీద కుర్రాళ్లు వచ్చారు. ఫోనులు పట్టుకుని, “మైనే కుఛ్ నహీ బోలా సాబ్, బోలో నా దాదా!” అని ఆ డైలాగే హిందీలో ఆయన చేత అనిపించబోయారట. ఆయనకి సంగతి అర్థం కాక, చుట్టపు చూపుగా వచ్చారనుకుని కొబ్బరి బోండాలు కొట్టించాడట. అవి తాగుతూనే వీడియో తీశారు. వాసవి చూపించింది. నేను చివరిదాకా చూడలేకపోయాను.

ఆ మాట వెనక్కి తీసుకో. జోగులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకు తెలుసు. ఎలా తెలుసని అడగకు. ఆగస్టులో రావద్దు.

వర్షాలు మొదలయ్యాయి. నీ మోకాళ్లు జాగ్రత్త.

నీ అప్ప,
కనకలక్ష్మి


విశాఖపట్నం,
1 జూలై 2025.

అప్పకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రావద్దు అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. ఊరంతా మెచ్చుకుంటున్నప్పుడు సొంత అప్ప గుమ్మంలోకి రావద్దంటే ఏమనుకోవాలి?

ఆ కుర్రాళ్లు చేసింది తప్పే. మధుబాబుతో చెప్పి ఏదైనా చేయిస్తాను. కానీ జోగులు ఏమీ చెప్పలేదని ఇవాళ నువ్వు అనడమేమిటి? అతని మనవరాలు బేబీరాణి నీ దగ్గర చదువుకున్న పిల్లేనని వాసవి చెప్పింది. వాళ్లేమైనా నీ దగ్గరికి వచ్చి ఏడ్చారా? బెదిరించారా? బావ పోయాక నువ్వు ఒంటరిదానివి. భయపడితే భయపడ్డానని రాయి.

నా దగ్గర నీ పాత ఉత్తరం ఉంది. 1979 నవంబరుది. “అందరూ జోగులే చెప్పాడంటున్నారు. ఆ రోజు మీటింగుకి రానిది నువ్వు కాక అతనొక్కడే. అతని పని కూడా పోలేదు.” ఇవి నీ మాటలు. నీ దస్తూరీ. వీటి మీదే బెల్లం అప్పన్నని నిలబెట్టాను. బెల్లం బస్తా ఒక్కటే నా కల్పన.

ఆ ఆదివారం మధ్యాహ్నం సిప్పీఘాట్ పోకతోటలో కూర్చున్న పదకొండు మందిని పోలీసులు లాక్కుపోయారు. సోమవారం మొదలవాల్సిన సమ్మె మొదలవనే లేదు. పదకొండు ఇళ్లు వీధిన పడ్డాయి. వాళ్లలో సూరయ్య ఏడాది తిరక్కుండా చనిపోయాడు. అమ్మకి బాగోలేదని శుక్రవారం టెలిగ్రాం రాకపోతే, మర్నాడే నేను ఓడ ఎక్కకపోతే, పన్నెండోవాణ్ణి నేనే. ఆ పదకొండు మందికీ నేను బాకీపడ్డ మాట ఆ నవల. దాన్ని వెనక్కి తీసుకోమంటావా?

కావాలంటే “పాత్రలన్నీ కల్పితాలు” అని ప్రకటన ఇస్తాను. అంతకంటే నావల్ల కాదు. ఆగస్టులో వస్తాను. నీ ఇంట్లో దిగవద్దంటే హోటల్లో దిగుతాను.

గణేశ్వరరావు


డైరీ ఫార్మ్,
4 జూలై 2025.

గణేశ్వరరావుకి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

జోగులు మనవరాలు బేబీరాణి ఓడ టికెట్ల కౌంటర్లో పని చేస్తుంది. సోమవారం క్యూలో ఉన్నవాళ్లెవరో ఆ డైలాగు అందుకున్నారట. తరవాత క్యూ మొత్తం అందుకుంది. బెంగాలీలు, తమిళులు, మనవాళ్లు, అందరూ. ఆ పిల్ల తల వంచుకుని టికెట్లు ఇస్తూనే ఉందట. మర్నాటి నుంచి సెలవు పెట్టింది.

అది విని సిప్పీఘాట్ బస్సెక్కాను. జోగులు వరండాలో కూర్చుని కొబ్బరి పీచు తాడు పేనుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను ఎదురుగా పీట మీద కూర్చున్నాను. నా చెవి సంగతి బేబీరాణి చెబితే, గొంతు పెంచి అడిగాడు.

“పంతులమ్మా, మీ తమ్ముడుగోరు నా మీద బుక్కు రాసినారంట. నిజమేటి?”

నీ మీద కాదు, కథ, అన్నాను.

“ఆ కత నాకు ఎవురూ సదివి ఇనిపించలేదు. ఊరందరికీ తెలుసు, నాకే తెలీదు. కాస్త సదవండి.”

బేబీరాణి ఎక్కడి నుంచో నవల సంపాదించింది. సగం అట్ట లేదు. నేను నేర్పిన అక్షరాలు మరిచిపోయి, చదవలేక అలాగే ఉంచిందట. నా చేతిలో పెట్టింది. ఏం చెయ్యమంటావు? ఇరవై మూడో అధ్యాయం తీసి చదివాను. అప్పన్న కంట్రాక్టరు మెట్లెక్కడం, వణకడం, పేర్లు ఒక్కొక్కటే చెప్పడం, బెల్లం బస్తా ఎత్తుకోవడం. ఆయనకి వినబడాలని గట్టిగా చదివాను. వీధిలో పోయేవాళ్లకి కూడా వినబడి ఉంటుంది.

జోగులు తాడు పేనడం ఆపలేదు. మధ్యలో ఒక్కసారి అడ్డొచ్చాడు.

“బస్తా అలగ ఎత్తకూడదండి. నడుం పోతాది. మీ తమ్ముడుగోరు రెండు నెల్లే కదా రేవులో పనిసేసినారు.”

చదవడం అయ్యాక తాడు కొస ముడి వేశాడు. తరవాత అన్నాడు. “నాను ఆ దినం పెద్దాసుపత్రి కాడ ఉన్నానమ్మా. యర్రమ్మకి నొప్పులు. ఈ పిల్ల తల్లి ఆ పొద్దే పుట్టినాది. కంట్రాక్టరుకి బస్తాల లెక్క తెలిసినోడు నానొక్కడినే, అందుకే నా పని తియ్యలేదు. ఆ మాట ఎవురికి సెప్పినా నమ్మలేదు. సెప్పడం మానేసినాను.”

బేబీరాణి నా వైపు చూస్తోంది. నేను పుస్తకం మూసి, వానొచ్చేలా ఉందని చెప్పి లేచాను. వచ్చిన బస్సు ఎక్కేశాను.

ఇంకో ఉత్తరం రాయాల్సి ఉంది. ధైర్యం చాలడం లేదు.

కనకలక్ష్మి


డైరీ ఫార్మ్,
12 జూలై 2025.

గణేశ్వరరావుకి,

నీ ఉత్తరం వచ్చింది. నన్నెవరూ బెదిరించలేదు. ఇందులో జోగులు వాళ్ల తప్పేమీ లేదు.

నేను 1979లో రాసిన మాటలు నువ్వు దాచి ఉంచావని చూశాక, ఇక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. తిన్నగా రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆ రోజుల్లో నువ్వు నా ఇంట్లో ఉండేవాడివి. ఆదివారం పోకతోటలో కలుసుకుంటామని, వచ్చేవాళ్ల పేర్లన్నీ, నా వంటింట్లో కూర్చుని నువ్వే చెప్పావు. అప్ప దగ్గర దాచేదేముందనుకున్నావు. మీ బావ కంట్రాక్టరు దగ్గర గుమాస్తా అన్న సంగతి నీకు గుర్తు రాలేదు. నాకు గుర్తుంది. గుర్తుండే ఆయనకి చెప్పాను.

నోరు జారి చెప్పానని రాద్దామనుకున్నాను. పోయిన ఉత్తరంలోనే అలా మొదలుపెట్టి చింపేశాను. నోరు జారలేదు. జైల్లో పెడితే నీ బతుకు పాడవుతుంది, మీ బావ పని పోతుంది, మేము క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇవన్నీ ఆలోచించుకునే చెప్పాను. ఆయన నాతో బేరం కూడా ఆడలేదు. నేనే ఆడాను. “మా తమ్ముడు పేరు రాకుండా చూస్తేనే చోటు చెబుతాను” అన్నాను.

అమ్మకి జ్వరం లేదు. ఆ టెలిగ్రాం మీ బావ విశాఖలో వాళ్ల పినతండ్రి కొడుకు చేత ఇప్పించినది. నువ్వు ఓడ ఎక్కాకే పోలీసులు కదిలారు.

నవంబరులో నువ్వు ఎవరు చెప్పారని ఉత్తరం రాశావు. అప్పటికే జనం జోగులు పేరు అనుకుంటున్నారు. నేను పుట్టించలేదు. కాదని అనలేదు, అంతే. కాగితం మీద రాసి నీకు పంపాను. ఆ కాగితంలోంచి ఇదంతా వచ్చింది. సూరయ్య కొడుకు మణికుమార్‌కి అక్షరాలు నేర్పినది నేను. మా నాన్నని పట్టించినవాడు ఫలానా అని వాడు తోటి పిల్లలతో అంటుంటే, అదే గదిలో నిలబడి విన్నాను.

నీ నవల వచ్చినప్పుడు చదివాను. అప్పన్న మెట్లెక్కేటప్పుడు వాడి అరచేతులు తడిసిపోయాయని రాశావు. నాకు తడవలేదు. ఆ రోజు పప్పు కూడా మాడలేదు.

మీ బావ పోయి తొమ్మిదేళ్లు. తప్పంతా ఆయన మీదకి నెట్టడం ఇప్పుడు తేలిక. అందుకే ముందు నా మాట రాశాను.

ఇక నీ ఇష్టం.

కనకలక్ష్మి


విశాఖపట్నం,
22 జూలై 2025.

అప్పా,

నాలుగు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను. రెండోదాంట్లో క్షమించాను. అది తిట్టడం కంటే అసహ్యంగా ఉంది. క్షమించడానికి నేనెవణ్ణి?

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. నాకు తెలుసు.

ఓడ దిగి ఇంటికెళ్లేసరికి అమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. కాకుల్ని తోలుతూ, “ఏటిరా, సెప్పాపెట్టకుండా ఒచ్చినావు?” అంది. జ్వరం ఎలా ఉందన్నాను. “నాకు జొరమేటి?” అంది. మూడు రోజుల తరవాత పదకొండు మంది అరెస్టు సంగతి తెలిసింది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. రెండూ రెండూ కలిపితే నాలుగని తెలియని వయసు కాదు. కలపలేదు. టెలిగ్రాం ఎవరిచ్చారని అమ్మని అడగలేదు, బావని అడగలేదు, నిన్నూ అడగలేదు. నిన్ను అడిగింది ఎవరు చెప్పారని మాత్రమే. నువ్వు ఇంకెవరి పేరైనా రాస్తావని ఆశపడి అడిగాను. రాశావు. ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

తరవాత నాలుగు వందల పేజీలు రాశాను. శ్రమ, దోపిడీ, వెన్నుపోటు. ఊరూరా తిరిగి మాట్లాడాను. పట్టుబడని పన్నెండోవాడు ఆ నవల్లో లేడు, గమనించావా? ఎవరూ గమనించలేదు. విమర్శకులు కూడా.

నిన్న మధుబాబు దగ్గరికి వెళ్లాను. అప్పన్న పాత్రకి ఆధారమైన మనిషి నిర్దోషి అని ప్రతి భాగం ముందూ వెయ్యమన్నాను. కుర్రాడు మర్యాదగానే విన్నాడు. “సర్, ఇప్పుడు అప్పన్న మీవాడు కాదు, నావాడూ కాదు. పబ్లిక్ వాడు. రెండో సీజన్ మొత్తం అతని ఫ్లాష్‌బ్యాకే. పదిహేను రోజుల్లో షూటింగ్” అన్నాడు. నవల్లోని యూనియన్ కథ ఎందుకు తీసేశావని అడిగితే, “జనానికి ద్రోహం అర్థమవుతుంది సర్, మీటింగులు అర్థం కావు” అన్నాడు. లేచి వచ్చేశాను. నాకు మాత్రం మీటింగులు అర్థమయ్యాయా?

ఆగస్టు 24న వస్తాను. సన్మానం తీసుకోను. ఆ వేదిక మీదే చెబుతాను. కానీ చెబితే నీ పేరూ చెప్పాలి. నువ్వు వద్దంటే “మా ఇంటి నుంచే” అని ఊరుకుంటాను.

నీ తమ్ముడు


డైరీ ఫార్మ్,
2 ఆగస్టు 2025.

తమ్ముడికి,

“మా ఇంటి నుంచే” అంటే మీ బావ అనుకుంటారు. వద్దు. నా పేరు నేనే చెబుతాను.

అంతకంటే ముందు చెప్పాల్సిన మనిషికి చెప్పాలని నిన్న మళ్లీ సిప్పీఘాట్ వెళ్లాను. బేబీరాణి ఎదుటే చెప్పాను. జోగులు తాడు పక్కన పెట్టాడు. నేను చెప్పినంతసేపూ నా మొహం చూడలేదు, మునిగిన పొలంలో మోడుగా నిలబడ్డ కొబ్బరి చెట్ల వైపు చూస్తున్నాడు. నాకు వినబడకపోతుందేమోనని బేబీరాణి ఆయన మాటలు నా చెవి దగ్గర మళ్లీ చెప్పింది. నిజానికి మొదటిసారే వినబడ్డాయి.

“యర్రమ్మ సచ్చిపోయే ముందర ఒక మాట అడిగినాది పంతులమ్మా. ఆ దినం నువ్వు నా కాడే ఉన్నావు, సరే. ముందు దినం ఎవురితోనైనా అన్నావేటి, నిజం సెప్పు, అన్నాది. ముప్పై ఏళ్లు నాతో కాపురం సేసిన మనిసి. లేదే అన్నాను. తలకాయ ఊపినాది. నమ్మినాదో లేదో నాకు తెలీదు.”

నేను ఆయన కాళ్ల మీద పడబోయాను. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“నాకు సెప్పడం కాదు. నాను సెప్పలేదని నాకెలాగూ తెలుసు. ఆ పదకొండు ఇళ్లోలకి సెప్పండి. ఎల్లండి.”

బేబీరాణి గేటు దాకా వచ్చింది. “టీచర్, మీరు నాకు నీతి పద్యాలు నేర్పించారు” అంది. అంతే. కోపంగా కూడా అనలేదు.

సంఘం వాళ్లకి ఇంకా ఏమీ చెప్పలేదు. 24న హాలుకి వస్తాను. మొదట నేను మాట్లాడతాను, తరవాత నువ్వు. వాసవికి కూడా చెప్పాను. అది రెండు రోజుల నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు.

నువ్వు వచ్చినా రాకపోయినా నేను చెబుతాను. కానీ రా.

అప్ప


విశాఖపట్నం,
26 ఆగస్టు 2025.

అప్పా,

ఒంట్లో బాగోలేక రాలేకపోతున్నానని సంఘం వాళ్లకి ఫోను చేయించాను. నీకు కూడా వాసవి అదే చెప్పి ఉంటుంది. అబద్ధం. బీపీ లేదు, ఏమీ లేదు. నేను ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాను.

బోర్డింగ్ పాసు చేతిలో ఉంది. ఒక కాలేజీ పిల్లల గుంపు నన్ను గుర్తుపట్టింది. సెల్ఫీలు తీసుకున్నారు. ఒక అమ్మాయి, “సర్, ఆ డైలాగు ఒక్కసారి మీ నోటితో” అంది. అప్పా, నేను చెప్పాను. సర్వం తెలిసి, నీ ఉత్తరాలు నా బ్యాగులో ఉండగా, గొంతు మార్చి, చేతులు జోడించి, మధుబాబు నటుడి కంటే బాగా చెప్పాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. ఆ నవ్వు మొహం మీద ఉండగానే వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. ఆ మొహంతో నీ పక్కన నిలబడలేకపోయాను.

నువ్వు చెప్పావని వాసవి ఒక్క లైను పంపింది. హాలులో ఏమైందో రాయలేదు.

నిన్న నేను కూడా రాశాను. నీ గురించి నువ్వు చెప్పేశావు కాబట్టి, నా టెలిగ్రాం గురించి, చేపలు ఎండబెడుతున్న అమ్మ గురించి, అడగని ప్రశ్న గురించి. రాత్రికే ఒక పత్రిక ఆన్‌లైన్లో వేసింది. చానళ్లు “రచయిత యూ టర్న్” అన్నాయి. కింద వేలకి వేలు కామెంట్లు. సగానికి పైగా అదే డైలాగు, ఈసారి నాకు. బాధ కలగలేదంటే నమ్ముతావా? న్యాయమే అనిపించింది. కానీ రెండో సీజన్ ఆగలేదు. ఆ పేరు ఇక ఆగదు. నేను చచ్చాక కూడా ఎవడో ఎవణ్ణో బెల్లం అప్పన్న అంటూనే ఉంటాడు.

నన్ను ఏమన్నా అను. జవాబు మాత్రం రాయి.

గణేశ్వరరావు


డైరీ ఫార్మ్,
4 సెప్టెంబరు 2025.

తమ్ముడికి,

నీకు ఒంట్లో బాగోలేదంటే నేను నమ్మలేదు. నువ్వు రాసేదాకా ఆగాను.

హాలులో రెండు వందల మంది ఉన్నారు. వేదిక వెనక నీ ఫోటో. దండ నీ ఖాళీ కుర్చీ మీద వేశారు. అధ్యక్షులు నన్ను రచయితగారి అక్కగారు అని పిలిచారు. మైకు ముందు నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పాను. ఎక్కువ చెబితే ఏడుస్తానని, ఏడిస్తే జాలిపడతారని, పొట్టిగా చెప్పాను. హాలు గోల చేసిందో ఊరుకుందో నాకు తెలియదు. నా చెవులకి అంతా ఒకటే. ముఖాలు మాత్రం కనబడ్డాయి.

మణికుమార్ ముందు వరసలోంచి లేచి వచ్చాడు. యాభై ఏళ్లవాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. నా ఎదురుగా నిలబడి, అందరికీ తెలిసేలా, “మా నాయిన సచ్చిపోయినప్పుడు మా ఇంటికి అన్నం తెచ్చింది మీరే కదా టీచర్” అన్నాడు. అవునన్నాను. వెళ్లిపోయాడు. అతని వెనకే మిగతా ఇళ్లవాళ్లు లేచారు. ఆ తరవాత వీధిలో నన్ను ఎవరూ పలకరించడం లేదు. వాసవి ఒక్కతే నాతో బజారుకి వస్తోంది. ఎందుకే అంటే, “తుమ్ అకేలీ హో నానీ, ఒక్కదానివే కదా, ఇంకేటి సెయ్యమంతావు” అంది.

ఆదివారం ఆ ఇళ్లవాళ్లు సిప్పీఘాట్ వెళుతున్నారని తెలిసి నేను కూడా బస్సెక్కాను. వాళ్లతో కాదు, వెనక బస్సు. జోగులు ఇంటికి ఎదురుగా రోడ్డు అవతల బస్టాపు ఉంది. అందులో కూర్చున్నాను. వాన పడుతోంది. పాతిక ముప్పై మంది, ఆడవాళ్లూ మగవాళ్లూ, ఆయన వాకిట్లో తడుస్తూ నిలబడ్డారు. మణికుమార్ ఏదో అంటున్నాడు. జోగులు వరండాలోనే కూర్చుని ఉన్నాడు. చాలాసేపు కదల్లేదు. తరవాత బేబీరాణితో ఏదో చెప్పాడు. ఆ పిల్ల చాపలు తెచ్చి వరండాలో పరిచింది. ఒక్కొక్కరే చెప్పులు విప్పి పైకి ఎక్కారు.

బేబీరాణి నన్ను చూసింది. చూసి లోపలికి వెళ్లిపోయింది. పిలవలేదు. పిలుస్తుందని నేను కూర్చోలేదు. బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆ పిల్ల సోమవారం నుంచి కౌంటర్‌కి వెళుతోందని వాసవి చెప్పింది. ఎవరో మళ్లీ ఆ డైలాగు అన్నారట. “ఆ మాట మా తాతది కాదు, ఆ బుక్కు రాసినాయనది. టికెట్ కావాలా, ఒద్దా?” అందట.

నన్ను ఏమన్నా అను అని రాశావు. నా దగ్గర నీ మీద చూపడానికి కోపం ఎక్కడుంది? ఎయిర్‌పోర్టులో నువ్వు నవ్వావు. వంటింట్లో నేను పప్పు మాడకుండా చూసుకున్నాను. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే.

ఓడ టికెట్ కొనుక్కుని రా. విమానం వద్దు, మళ్లీ వెనక్కి తిరుగుతావు. ఓడ కదిలాక దిగడం కుదరదు. దండలుండవు, నిన్ను తీసుకెళ్లడానికి ఎవరూ రారు. నేను హాడోలో నిలబడి ఉంటాను. సిప్పీఘాట్ గేటు దాకా నిన్ను తీసుకెళతాను. లోపలికి మాత్రం నువ్వు ఒక్కడివే వెళ్లాలి.

కనకలక్ష్మి